ప్యాకెట్టులోని పాపపుణ్యాలు

మొన్న దీపావళికి మా తమ్ముడి కుటుంబమూ, చెల్లెలి కుటుంబమూ బెంగళూరులోని మా యింట్లో చేరాయి. భోజనాలయ్యాక పెద్దవాళ్ళం చాపలు పరుచుకుని కూర్చుంటే మాట చిన్ననాటి ప్యాకెట్టు తిండ్ల మీదికి మళ్ళింది. మాది బళ్ళారి. ఆ వూళ్ళో ఎండాకాలం సెలవులంటే రస్నా. ఒక ప్యాకెట్టుకు 32 గ్లాసులని కంపెనీవారి లెక్క. చుట్టాలొచ్చిన రోజున మా అమ్మ దాన్ని సునాయాసంగా 50 చేసేది. చివరి గ్లాసులో రస్నా వుందని రంగును చూసి నమ్మవలసిందే తప్ప నాలుక సాక్ష్యం చెప్పేది కాదు.

మాగీ మన దేశంలోకి 1983లో వచ్చింది. మా వీధిలోకి రావడానికి మరికొంత కాలం పట్టింది. రెండు నిమిషాల్లో తయారని వాళ్ళు అన్నారు గానీ మా కిరసనాయిలు స్టవ్వుకు ఆ సంగతి తెలియదు. వత్తులు సర్ది, వెలిగించి, నీళ్ళు మరిగేసరికి పావుగంట. మా అవ్వ గిన్నెలోకి తొంగి చూసి, "సేమ్యాలో కారం పోసి పాడు చేసినారు కదే, పాయసమైనా అయ్యేది" అని నిజంగానే బాధపడింది.

ఇలా నవ్వుకుంటూ వుండగా నాకొక సంగతి గుర్తుకొచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ యేటి దీపావళికి అమ్మ మొదటిసారి గులాబ్ జామూన్ పిండి ప్యాకెట్టు తెప్పించింది. తెచ్చింది నేనే, చొక్కా లోపల దాచి. పని కాగానే ఆ అట్టపెట్టెను నీళ్ళపొయ్యిలో వేసి కాల్చేసింది. నా నోరు మూయించడానికి రెండు జామూన్లు ముందే ముట్టాయి. (లంచం పుచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు అని బ్యాంకు ఉద్యోగిగా మనవి చేసుకుంటున్నాను.) అవ్వ తిని, "కోడలి చేతిలో ఏముందో గానీ, పాలు ఎంతసేపు కలియబెట్టి ఇగరబెట్టిందో, నోట్లో వేస్తే వెన్న" అంది. అమ్మ తల వంచుకుని విస్తళ్ళు తీసింది.

నలభై యేళ్ళుగా ఇది మాకు నవ్వుకునే కథ. ఈసారెందుకో పూర్తిగా నవ్వలేకపోయాను. అమ్మ చేసింది అబద్ధమా? అబద్ధమే అయితే ఎవరికి నష్టం? అవ్వ రుచిని మెచ్చుకుందా, కోడలు పాల దగ్గర నిలబడిందనుకున్న ఆ రెండు గంటలను మెచ్చుకుందా? రుచినే అయితే ప్యాకెట్టు సంగతి తెలిసినా మెచ్చుకోవాలి. అవ్వ అలా చేసివుండేది కాదని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. అంటే మనం చేతి రుచి అని పిలిచేదానిలో కొంత భాగం మన కోసం ఇంకొకరు అలసిపోయారన్న తృప్తి. ఈ మాట రాయడానికి కొంచెం ఇబ్బందిగానే వుంది.

అసలు సిద్ధంగా వుండే తిండి మనకు కొత్తదేం కాదు. బళ్ళారిలో బొరుగులు తడిపి పిండి ఉగ్గాని చేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ. బొరుగులు వేయించేది ఎవరో, ఎక్కడో బట్టీలో. వాటిని కొనుక్కొచ్చుకున్న ఇల్లాలిని ఎవరూ సోమరి అనలేదు. అటుకులూ అంతే. మరి పొడి కలిపిన రవ్వ ప్యాకెట్టులో వస్తేనే పాపమెలా అయింది? ఇంట్లో ఆడమనిషి చెయ్యవలసినదని మనం అనుకున్న పనిలోకి అది వచ్చింది కాబట్టి అనుకుంటాను.

ఈ ప్యాకెట్ల పుట్టుకలో ఒక విశేషముంది. బెంగళూరులో 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్, అంటే మన ఎంటీఆర్, ఎమర్జెన్సీ రోజుల్లో హోటలు తిండికి ప్రభుత్వం పెట్టిన ధర గిట్టక మూతపడింది. నాణ్యత తగ్గించి అమ్మడం యజమానులకు ఇష్టం లేకపోయింది. పొడులూ, కలిపి పెట్టిన పిండ్లూ అమ్మే వ్యాపారం అప్పుడు పుంజుకుంది. 2007లో దాన్ని నార్వే కంపెనీ కొన్నది, అది వేరే కథ. నాకు పట్టుకున్న మాట ఒక్కటే: గిట్టుబాటు కానప్పుడు మూసుకునే హక్కు హోటలుకు వుంది. మా అమ్మ వంటింటికి ఆ హక్కు ఎవరిచ్చారు? ఆమె పనికి ధరే కట్టలేదు, ఇక గిట్టడం, గిట్టకపోవడం అన్న ప్రశ్నే లేదు. పుచ్చుకున్నవాడికి ఖర్చు రాయి, ఇచ్చినవాడికి జమ రాయి అని బీకాం మొదటి సంవత్సరంలో నేర్పారు. ఇంటి లెక్కల్లో మేమెవరం అలా రాయలేదు.

నా సంగతీ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాగపూరులో ఒంటరి గదిలో వుండేవాణ్ణి. ప్యాకెట్టు ఉప్మాతో ఎన్ని రాత్రులు గడిపానో. ఇంటికి ఉత్తరం రాస్తే, "పాపం బిడ్డ ఎన్ని కష్టాలు పడుతున్నాడో" అని అవ్వ కంటతడి పెట్టిందట. మగవాడు తింటే కష్టం, ఆడది వండితే ఒళ్ళుబద్ధకం!

తరువాత 2001లో కోయంబత్తూరులో వున్నాం. నా భార్య అక్కడ బడిలో టీచరు. ఒక ఆదివారం మా మేనేజరుగారు పొద్దున్నే ఇంటికొస్తే ప్యాకెట్టు రవ్వ ఇడ్లీ చేసి పెట్టింది. ఆయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. ఆయన గడప దాటగానే నేను, "ఇంట్లో మనిషివి నువ్వుండగా ప్యాకెట్టు ఇడ్లీలా?" అన్నాను. ఆమె జవాబివ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి ఖాళీ అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "ఎలా చెయ్యాలో దీని మీద ఇంగ్లీషులో రాసుంది. మీరు చదవగలరు కదా" అంది. రుబ్బిన పిండి కావాలని ఆ తరువాత నేనెప్పుడూ అడగలేదు. వండడం నేర్చుకున్నానా అంటే, అదీ లేదు. అది ఇంకా బాకీ వున్నది.

2019లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. రెండు నిమిషాల మాగీ వచ్చి ముప్పయ్యారేళ్ళయినా ఆ లెక్క అలాగే వుంది!

అలాగని ప్యాకెట్టుకు గుడి కట్టమనడం లేదు. ఉప్పెక్కువ, ధరా ఎక్కువే. నా భార్య ఉగాదికి బొబ్బట్లు ఇప్పటికీ తనే చేస్తుంది. బజారులో మంచివే దొరుకుతున్నాయి కదా అంటే, "నాకు చెయ్యాలని వుంది, చేస్తున్నాను, మీకేం?" అంటుంది. ఆ బొబ్బట్టులో వున్నదాన్ని చేతి రుచి అనడానికి నాకే అభ్యంతరమూ లేదు. మా అమ్మ రోజూ సాయంత్రం రోలు ముందు కూర్చున్నప్పుడు ఆ మాట అనే వీలు ఆమెకు వుండిందా అన్నదే నా సందేహం. కుడి భుజం ఇప్పుడు ఆమెకు పైకి లేవదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. "అమ్మా, ఆ ప్యాకెట్టు జామూన్లు నిజంగా బాగుండెనా?" అని అడిగాను.

"ఏమో నాయనా, నా దాకా మిగిలితే కదా" అంది. కాసేపాగి, "అయితే ఆ పొద్దు పని బిర్రున అయిపోయింది. పండగ పూట మధ్యాహ్నం పండుకున్న్యా. పెండ్లయినాక అదే మొదలు" అంది.

"ఎంతసేపు?"

"నాలుగు కొట్టేదాకా. మీ నాయన లేపి కాఫీ అడిగినాడు."