ప్రాచీన పరశువు – సత్యపరీక్ష

ఒక వస్తువు అసలుదా, నకిలీదా అని తెలిసికొనుట వర్తకుల పనిగా పైకి తోచును. లోతుగా విచారించినచో అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. వస్తువు తన్ను గూర్చి తానేమియు చెప్పుకొనదు. ఇది పాతది, ఇది గొప్పది, ఇది మేలైనది అని చెప్పువాడు మనుష్యుడు. కావున వస్తుపరీక్ష యనునది తుదకు మనుష్యపరీక్షగానే పరిణమించును. ఈ సత్యమును గ్రహించుటకు రత్నములను, స్వర్ణమును పరిశీలింప నక్కరలేదు. కట్టెలు కొట్టు గొడ్డలి చాలును.

పాత గొడ్డళ్లను సేకరించువారు నేడు దేశదేశములందు కలరు. ఆదిమానవుని రాతిగొడ్డలి మొదలు తాతల నాటి ఇనుపగొడ్డలి వరకు వారికి ప్రీతిపాత్రములే. కొనువారున్న చోట అమ్మువారుందురు. అమ్మువారున్న చోట క్రొత్తదానిని పాతదిగా చూపు నేర్పరులును బయలుదేరుదురు. అట్టి నేర్పును కనిపెట్టుటకు పరీక్షలు పుట్టినవి.

రాతిని పరీక్షించుట చీమకుర్తి వారికి క్రొత్త విద్య కాదు. ఒంగోలు నుండి పడమరగా కర్నూలు బాటను పోవువారికి ప్రత్తి, మిరప, పొగాకు చేలు దాటిన పిదప చీమకుర్తి చేరువలో నల్లని రాతిదిమ్మెలు కనబడును. నల్లని రాతిలో బంగారు వన్నె చుక్కలు మెరయుటచే దీనికి గెలాక్సీ గ్రానైటు అని పేరు వచ్చినది. ఈ రాయి ప్రపంచ విపణికి ఎగుమతి యగుచున్నది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది గ్రానైటు కానే కాదు. గాబ్రో జాతి శిల. అట్లయిన దీనిని గ్రానైటు అని అమ్ముట అసత్యమగునా? కాదు. అది వాడుక పేరు. కొనువాడును, అమ్మువాడును ఏ రాతిని గూర్చి మాటలాడుచున్నారో ఇరువురికిని తెలియును. ఎవరును మోసపోవుట లేదు. కాని బూడిద వన్నె గల తక్కువ రకపు రాతికి నల్లరంగు పట్టించి, మైనము రుద్ది, మేలిరకపు నల్లరాయి యని అంటగట్టినచో అది అసత్యము. రాతిపని తెలిసినవాడు అట్టి పలక పైమెరుగును చూచి తృప్తిపడడు. అసిటోనులో తడిపిన తెల్లగుడ్డతో తుడిచి, రంగు గుడ్డకు అంటునేమో చూచును. పలక అంచున క్రొత్తగా విరిగిన చోట లోపలి వన్నె ఎట్లున్నదో చూచును. పై వన్నెయు, లోవన్నెయు ఒక్కటియైనచో ఆ రాయి నిజమైనది.

ప్రాచీనుల రాతిగొడ్డళ్లకును ఈ చీమకుర్తి రాతికిని చుట్టరికము కలదు. భూగర్భమున కరగియున్న శిలాద్రవము లోతున మెల్లగా చల్లారినచో గాబ్రో యగును. అట్టి ద్రవమే పగుళ్లలో చొచ్చి త్వరగా చల్లారినచో సన్నని రేణువులు గల డోలరైటు అగును. దక్షిణాపథమున నవీన శిలాయుగపు మానవులు తమ గొడ్డళ్లకు ఎక్కువగా వాడినది ఈ డోలరైటునే. బళ్లారి చెంత సంగనకల్లు కొండలలో అట్టి గొడ్డళ్లను తయారు చేసిన చోటులు బయల్పడినవి.

ఆ గొడ్డలిని చేయు విధానమున నాలుగు దశలు కలవు. మొదట పెచ్చులు లేపి ఆకారము తెచ్చుట. పిదప చిన్న చిన్న దెబ్బలతో ఎగుడుదిగుడులను పొడిచి సరిచేయుట. ఆ మీదట మరియొక రాతిపై నీటితోను ఇసుకతోను అరుగదీయుట. తుదకు మెరుగు పెట్టుట. పని చేయవలసినది అంచు గనుక మెరుగు ముఖ్యముగా అంచునకే దక్కెను. కామకు కట్టవలసిన వెనుక భాగము తరచుగా గరుకుగానే విడువబడెను. గరుకైన చోటనే కట్టు జారక నిలుచును. కావున మొదలు తుద తేడాలేక అంతయు అద్దమువలె మెరయు గొడ్డలిని చూచినప్పుడు పరీక్షకుడు సంతోషింపడు, సందేహించును. భూతద్దముతో చూచినప్పుడు సమానాంతరముగ సాగిన సన్నని గీతలున్నచో అవి యంత్రపు సానరాతి గుర్తులు. నిజమైన పాత గొడ్డలి అంచున వాడుక వలన రాలిన చిన్న పెచ్చులు, ఒక ప్రక్క అధికముగా అరిగిన వాలు, మరల మరల సానపట్టుటచే కురుచబారిన ఆకారము కనబడును. వేలయేండ్లు మట్టిలో నుండుటచే పైపొర వన్నె మారును. ఆ మార్పు గాట్ల లోపలికిని వ్యాపించును. పాత పొరను చీల్చుకొని లోపలి రాయి తాజాగా కనిపించు గాటు క్రొత్త చేతి పని.

ఇనుపగొడ్డలికిని ఇదే న్యాయము. ఉప్పునీటిలోనో, ఆమ్లములోనో ముంచి తెప్పించిన త్రుప్పు అంతటను ఒకే తీరుగ పైపైన నుండును. కాలము తెచ్చిన త్రుప్పు లోనికి దిగి, గుంటలు చేసి, చేయి తాకు చోట తక్కువగాను తాకని చోట ఎక్కువగాను నుండును. కొలిమిలో కమ్మరి మెత్తని ఇనుమునకు అంచున ఉక్కును అతికించిన చోట గీత యొకటి తెలియును. గొడ్డలి తల వెనుక సమ్మెట దెబ్బల గుర్తులు, కామ దూర్చు రంధ్రములోని అరుగుదల దాని జీవితచరిత్రను చెప్పును.

ఇన్ని పరీక్షలు ఏల అవసరమైనవో తెలుపు ఉదంతములు 1863వ సంవత్సరమున రెండు జరిగినవి. ఫ్రాన్సులోని అబ్బెవిల్ పట్టణమున బూషే ద పెర్త్ అను సుంకపు అధికారి కంకర గనులలో దొరకు రాతిగొడ్డళ్లను చిరకాలముగా సేకరించి, మానవుడు పండితులు తలచినదానికంటె ఎంతో ప్రాచీనుడని వాదించెను. 1859 నాటికి అతని వాదము సత్యమని విజ్ఞులంగీకరించిరి. అంతటితో అతడు తృప్తి చెందక, ఆ గొడ్డళ్లను చేసిన మానవుని ఎముకలు కావలెనని కోరి, తెచ్చినవారికి బహుమానము ప్రకటించెను. 1863 మార్చిలో మూలాన్ కిన్యోన్ అను కంకర గని నుండి మానవుని దవడ ఎముకయు, దానితో కొన్ని గొడ్డళ్లును లభించినవి. ఇంగ్లండు నుండి జాన్ ఇవాన్స్ మొదలగువారు పరీక్షించి, ఆ గొడ్డళ్లు క్రొత్తగా చెక్కినవనియు, ఎముకతోబాటు గనిలో చొప్పింపబడినవనియు తేల్చిరి. అసత్యమును చేతితో చేసినవారు కూలివారు. కాని వారికి ఆ తలంపు పుట్టించినదేది? కావలెనను వాని కోరిక, ఆ కోరికకు కట్టిన వెల.

ఆ సంవత్సరమే మే 30వ తేదీన మదరాసు చెంత పల్లవరమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాఖ ఉద్యోగి ఒక కంకర గోతిలో చెక్కిన రాతిపనిముట్టును కనుగొనెను. భారతదేశపు ఆదిమానవుని చరిత్రకు అదియే తొలి సాక్ష్యముగా ప్రసిద్ధి చెందెను. అతడెవరికిని బహుమానము చూపలేదు. తన వృత్తిని తాను చేసికొనుచు, దారిలో కనబడినదానిని చూచెను. ఏది ఎచ్చట దొరకినదో వ్రాసి పెట్టెను. పిదప దశాబ్దములపాటు అట్లే సేకరించిన సంపదను 1904లో మదరాసు ప్రభుత్వము కొని ఎగ్మూరు మ్యూజియమునందు భద్రపరచినది. ఒకే సంవత్సరమున రెండు గోతుల నుండి రాళ్లు బయల్వెడలినవి. ఒకచోట ఆశ సాక్ష్యమును పుట్టించెను. మరియొకచోట పని సాక్ష్యమును కనుగొనెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. క్రొత్తగా చెక్కిన గొడ్డలి తనంతట తాను అసత్యమైనదా? ఇంగ్లండులో ఎడ్వర్డ్ సింప్సన్ అనువాడు, ఫ్లింట్ జాక్ అని ప్రఖ్యాతుడు, చెకుముకి రాళ్లను చెక్కి ప్రాచీనములని అమ్మి ఎందరినో వంచించెను. అట్టివాడే 1862లో లండన్ నగరమున పండితసభ ఎదుట కూర్చుండి తాను ఎట్లు చెక్కునో చేసి చూపెను. రాయి అదే, చేయి అదే, నేర్పు అదే. సభలో చేసినది విద్య. సంతలో చేసినది వంచన. భేదము రాతిలో లేదు, చెప్పిన మాటలో కలదు. అట్లే వాడుక గుర్తులు లేని పాత గొడ్డలియు ఉండవచ్చును. చేసినవాడు వాడకమునుపే అది మట్టిలో కలిసియుండవచ్చును. కావున నకిలీ యనగా క్రొత్తది కాదు, వాడనిది కాదు. ఉన్నదానికిని చెప్పినదానికిని పొందిక లేకపోవుటయే నకిలీ. నుడియు నడతయు ఒక్కటిగా నుండవలెనని బసవేశ్వరుడు శరణులకు బోధించిన ధర్మము వస్తువుల విషయమునను ఇంత సూటిగా వర్తించును.

గొడ్డలిని రాయిగా గాక దైవముగా చూచినవారును కలరు. పొలములలో దొరకిన నున్నని రాతిగొడ్డలి పిడుగుతో ఆకాశము నుండి పడినదను నమ్మకము అనేక దేశములందున్నది. ఉత్తర భారతమున బాందా ప్రాంతమునందు అట్టివానిని రావిచెట్ల క్రింద మహాదేవుని గుర్తుగా నిలిపి పూజించుటను గత శతాబ్దికి ముందటి పరిశోధకులు చూచి వ్రాసిరి. ఇది నకిలీయా? స్థావరమును విడిచి ఇష్టలింగమును కరమున ధరించు వీరశైవుడు ఆ పూజను తన మార్గముగా చేకొనడు. అయినను దానిని వంచన యనుటయు న్యాయము కాదు. ఆ పల్లెవారు ఎవరిని మోసగింపలేదు. రాతికి వెల కట్టలేదు. తెలియకపోవుట వేరు, తెలిసి కల్లలాడుట వేరు. మొదటిదానికి జ్ఞానము మందు. రెండవదానికి పశ్చాత్తాపము తప్ప మందు లేదు.

ఇక సేకరణను గూర్చి విచారింతము. కూడబెట్టుట యెల్ల దోషమా? కల్యాణపు శరణులలో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి జంగమదాసోహము చేయువాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. మనకీ ఆశ ఎక్కడిదని నిలదీసి, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఏరుటను ఆమె నిందింపలేదు. అది వారి కాయకము. మితిమీరిన ఏరుకోలునే నిందించెను. ఏరుట కాయకముగా నున్నంతకాలము పవిత్రము. ఆశగా మారిన క్షణమున మైల.

కాయకముగా ఏరిన మహనీయునకు దృష్టాంతము ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి. బిజాపురమున న్యాయవాదిగా నుండి ఆయన ఇల్లిల్లు తిరిగి వచనముల తాళపత్రములను సేకరించెను. వానిని పెట్టెలో దాచి మురియలేదు. ప్రతులను పోల్చి, ఏ వచనము ఎవరిదో అంకితములను బట్టి పరిశీలించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. స్వంత ఇల్లు అమ్మి ముద్రణాలయము నెలకొల్పి, 1926లో శివానుభవ పత్రికను ఆరంభించెను. ఆయన సేకరించినది ఆయనకు మిగులలేదు. లోకమునకు మిగిలినది.

ఇప్పుడొక రైతును ఊహింతము. చీమకుర్తి చెంత మిరపచేను దున్నుచుండగా నాగటిచాలులో నున్నని రాతిగొడ్డలి యొకటి బయటపడినదనుకొందము. కొనువాడొకడు వచ్చి, ఎచ్చట దొరకినదో ఎవరికిని చెప్పవద్దని, చేతిలో రూకలు పెట్టబోయెను. రైతు ఏమి చేయవలెను? నూరేండ్లు దాటిన ఇట్టి వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టము కలదు. అనుమతి పత్రము లేక వ్యాపారము చేయుట, దేశము దాటించుట నేరము. చట్టము సరే, ధర్మమేమి? గొడ్డలి విలువలో సగము అది పడియున్న చోటనే యున్నది. తమిళనాడులోని అత్తిరంపాక్కమున దొరకిన చేతిగొడ్డళ్లు సుమారు పదిహేను లక్షల యేండ్ల నాటివని 2011లో తేలినది. ఆ రాళ్లు తామున్న మట్టిపొరలతో సహా పరీక్షింపబడుట చేతనే అది సాధ్యమయ్యెను. చోటు తెలియని గొడ్డలి నాలుక కోసిన సాక్షి వంటిది. దొరకిన చోటును దాచుమన్నవాడు గొడ్డలిని కొనుట లేదు. రైతు నోటి సత్యమును కొనుచున్నాడు. చోటును గుర్తించి పురావస్తుశాఖకు తెలియజేసినచో రైతునకు రూకలు రాకపోవచ్చును. గొడ్డలి మాత్రము అసలుదిగానే నిలుచును, దానితో అతని మాటయు.

గొడ్డలి పట్టి బ్రతికిన శరణుడొకడు కలడు. మోళిగ మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపులమ్మి జంగమార్చన చేసెనని సంప్రదాయము. బసవేశ్వరుడు ఆ పేద యింట రహస్యముగా బంగారము ఉంచి పోగా, మారయ్య దానిని తనకై నిలుపుకొనక జంగములకు పంచిపెట్టెను. అతని గొడ్డలి ఏ మ్యూజియమునందును లేదు. ఎవరైన చూపినను నమ్మదగదు. అయినను ఆ గొడ్డలి అసలుదనుటకు సందేహము లేదు. దాని గుర్తులు ఇనుముపై గాక ఒక జీవితముపై పడినవి.

విభూతి, రుద్రాక్ష, కంఠమున లింగము, పేరునకు ముందు వెనుకల వంశగౌరవము - ఇవి మెరుగు వంటివి. మెరుగు దోషము కాదు. నిజమైన గొడ్డలికిని మెరుగు కలదు. కాని కాయకముచే అరిగిన అంచు లేక, దాసోహముచే పడిన గాట్లు లేక, మొదలు తుద ఒకే తీరుగ మెరయు భక్తిని చూచినప్పుడు పరీక్షకుడు సందేహించుటలో తప్పేమున్నది? తడిగుడ్డ తెచ్చి తుడుచువాడు ఒకనాడు రాక మానడు. అతడు రాకమునుపే ప్రతి శరణుడును తన పలకను తానే తుడిచి చూచుకొనుట మేలు.