కొలతకూ మాటకూ నడుమ

పీహెచ్‌డీ ముగించో, మధ్యలో ఆపేసో డేటా ఇంజినీరింగ్ ఉద్యోగాల్లో చేరేవాళ్ళ గురించి విశ్వవిద్యాలయాల్లో ఒక మాట వినిపిస్తుంటుంది: మంచి బుర్ర, పోగొట్టుకున్నాం. ఆ మాటలో అభిమానం ఉంది, బాధ ఉంది. వాటి అడుగున ఒక సిద్ధాంతం కూడా ఉంది. జ్ఞానం పుట్టేది పరిశోధనశాలలోనే అనీ, దాని గడప దాటినవాడు తెలుసుకునే పని మానేసి చేసిపెట్టే పనిలో పడతాడనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. అది తప్పని నా నమ్మకం. కొలిచిన చోటు నుంచి చెప్పే మాట దాకా ఉన్న దారిని కాపాడటం కూడా తెలుసుకోవడమే. ఆ పనిని వృత్తిగా ఎంచుకున్నవాడు జ్ఞానాన్ని విడిచిపెట్టినట్టు కాదు. అవతలి పక్షాన్ని గౌరవంగా వినాలి కనుక దానికొక గొంతు ఇచ్చి మాస్టారు అని పిలుస్తున్నాను. ఆయన ఫలానా వ్యక్తి కారు. ఏ విభాగంలోనైనా, ఏ వరండాలోనైనా వినిపించే వాదననే ఆయన నోట పెడుతున్నాను.

మాస్టారు: నువ్వు వాదనకు దిగకముందే నా బాధేమిటో చెబుతాను. ఐదారేళ్ళు సముద్రశాస్త్రంలో తలమునకలైన పిల్లవాడు, బంగాళాఖాతం ఎందుకలా ప్రవర్తిస్తుందని అడగడం నేర్చుకున్నవాడు, రేపు ఒక కంపెనీలో చేరి టేబుళ్ళను ఇక్కడి నుంచి అక్కడికి చేరవేస్తాడు. ఏదో జాబ్ ఫెయిలైందని అర్ధరాత్రి ఫోనొస్తే లేచి కూర్చుంటాడు. అది నిజాయితీ గల పనే, కాదనను. ఇంటికి నీళ్ళ గొట్టాలు బిగించడం కూడా అవసరమైన పనే. కాని గొట్టం బిగించినవాడికి నీటి గురించి కొత్తగా ఏం తెలుస్తుంది?

నేను: గొట్టంలో ఏం జరిగిందో తెలియకపోతే, నీటి గురించి మనకు తెలుసనుకున్నదే తలకిందులవుతుంది మాస్టారూ. సముద్రం మాట మీరే ఎత్తారు కనుక అక్కడి సంగతే చెబుతాను. ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేల ఆర్గో ఫ్లోట్లు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు సాగుతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వచ్చే దారిలో ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. మన దేశం తరఫున ఆ డేటాను చూసుకునేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్. 2006లో ఈ ఫ్లోట్ల కొలతలను కూడా కలుపుకుని ఒక పరిశోధన పత్రం వెలువడింది. 2003 నుంచి 2005 మధ్య సముద్రాల పైపొరలు చల్లబడ్డాయని అందులో తేల్చారు. భూమి వేడెక్కుతున్న కాలంలో అది చిన్న మాట కాదు. మరుసటి ఏడాదే, ఆ పత్రం రాసినవాళ్ళే దాన్ని సవరించుకున్నారు. సముద్రం చల్లబడలేదు. కొన్ని ఫ్లోట్ల డేటాను ప్రాసెస్ చేసేటప్పుడు ఉష్ణోగ్రతలకు తప్పు పీడనాలు జతపడ్డాయి. లోతు తెలిసేది పీడనం వల్లే. కింది చల్లటి నీటి కొలత పైపొర ఖాతాలో పడితే పైపొర చల్లబడినట్టే కనిపిస్తుంది. దీనికి తోడు, ఓడల నుంచి జారవిడిచే పాత ఎక్స్‌బీటీ పరికరాల లెక్కలు ఉన్నదానికంటే కాస్త వెచ్చగా వచ్చేవి. వాటి వాటా తగ్గి ఫ్లోట్ల వాటా పెరుగుతున్నకొద్దీ ఆ తేడా కూడా చల్లదనం కిందే లెక్కకొచ్చింది. ఈ కథలో సిద్ధాంతమేదీ తప్పలేదు. కొలత పట్టికలోకి వచ్చే దారిలో పొరపాటు జరిగింది, దాని ఫలితంగా ఒక మహాసముద్రం గురించే అబద్ధం చెప్పుకున్నాం.

మాస్టారు: దాన్ని పట్టుకున్నది కూడా శాస్త్రవేత్తలే కదా నాయనా. ఈ ఉదాహరణ నా పక్షానికే పనికొచ్చేలా ఉంది. సముద్రం తెలిసినవాళ్ళు కనుకే సంఖ్య ఎక్కడో తేడాగా ఉందని అనుమానించారు. నీ డేటా ఇంజినీరుకు ఆ అనుమానం ఎలా వస్తుంది?

నేను: అందుకే పరిశోధన చేసినవాడు ఆ పనిలోకి వెళ్ళాలంటున్నాను. అనుమానం ఎక్కడ పుట్టాలో వాడికి తెలుసు. ఇంకొకటి కూడా గమనించండి. ఆ శాస్త్రవేత్తలు తప్పు పట్టుకున్న క్షణంలో చేస్తున్న పని ఏమిటి? కొత్త సమీకరణమేదీ రాయలేదు. ఏ సంఖ్య ఏ ఫ్లోటు నుంచి, ఏ దశలు దాటి వచ్చిందో వెనక్కి నడిచి చూశారు. అలా నడవగలగడానికి ఒక కారణం ఉంది. ఆర్గో ఫైళ్ళలో ముడి విలువను ఎవరూ చెరిపేయరు. సవరించిన విలువ దాని పక్కన వేరే నిలువు వరసలో ఉంటుంది, రెండింటికీ నాణ్యత ఫ్లాగులుంటాయి: 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. కొలత అందిన ఒక్క రోజులోపే ఒక తనిఖీ, నెలలు గడిచాక నిపుణుల తనిఖీ మరొకటి. డేటా ఇంజినీరింగ్‌లో చేరినవాడికి మొదట నేర్పేది కూడా ఇదే. ముడి డేటాను ముట్టుకోకు, దాని మీద చేసిన ప్రతి మార్పునూ కోడ్‌లో ఉంచు, అదే జాబ్‌ను రేపు మళ్ళీ నడిపితే అదే ఫలితం రావాలి, ఒక రోజు డేటా రాకపోతే ఆ ఖాళీ ఖాళీగానే కనిపించాలి, సున్నాగా మారకూడదు. లేనిదానికీ సున్నాకూ తేడా చూడగలగడం కంటే తాత్వికమైన పని ఏముంటుంది? మన విభాగాల్లో ఈ పనికి పేరు లేదు, పదవి లేదు, మార్కు లేదు. థీసిస్‌లో డేటాను శుభ్రం చేసిన సంగతి ఒక పేరాలో ముగుస్తుంది. ఆ పేరా వెనక రెండేళ్ళ శ్రమ ఉండవచ్చు. పిల్లవాడు ఆ రెండేళ్ళలో నేర్చినదాన్ని మనం విద్య అనలేదు. బయట ఒక వృత్తి దాన్ని విద్య అంటోంది. వాడు అటు వెళితే తప్పెవరిది?

మాస్టారు: మన దగ్గర ఈ పనికి ఎన్నడూ విలువ లేదనకు. గణాంకవేత్త మహలనోబిస్ నడిపిన ఇన్‌స్టిట్యూట్ సంగతి మరచిపోతున్నావు.

నేను: మరవలేదు, నా వాదనకు ఆయనే పెద్ద సాక్షి. 1933లో సాంఖ్య పత్రిక మొదటి సంపుటంలోనే ఆయన రిస్లీ మానవ కొలతల డేటాను సరిచూస్తూ ఒక వ్యాసం అచ్చువేశారు. బెంగాల్ కులాలు, తెగల మీద రిస్లీ సేకరించిన ఆ కొలతలను అచ్చులో ఉన్నాయి కదా అని నమ్మకుండా, తప్పులు ఎక్కడెక్కడున్నాయో వెతకడాన్నే పరిశోధనగా ప్రకటించారు. తర్వాత పంటల సర్వేల్లో ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాలను విడివిడిగా పంపి, వాళ్ళు తెచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి తెచ్చారు. అంకెల్లో తేడా వస్తే పొలంలోనో మనిషిలోనో ఏదో ఉందన్నమాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో ఆ ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్ళారు. 1945 నాటి ఆయన సిద్ధాంత పత్రాన్ని అందరూ చెప్పుకుంటారు. మరుసటి ఏడు ఆయన కేంబ్రిడ్జ్ వెళ్ళింది మాత్రం సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి. అంత పెద్ద సిద్ధాంతకర్తకు ఎముకల పట్టికల ముందు కూర్చోవడం నామోషీ అనిపించలేదు. సిద్ధాంతం పైమెట్టు, డేటా కిందిమెట్టు అనే వరస మన తర్వాతి తరాల కల్పన. ఈ వరస విభాగాల్లో పదోన్నతుల పద్ధతి నుంచి వచ్చిందనుకుంటాను. పత్రాలు లెక్కకొస్తాయి, పత్రం పైన ఉండే పేర్లు లెక్కకొస్తాయి, పట్టికను కాపాడిన మనిషి చివర కృతజ్ఞతల్లో ఒక పంక్తిగా మిగులుతాడు.  పని విలువనూ పేరు స్థానాన్నీ ఒకటిగా చూడటం అక్కడే అలవాటైంది.

మాస్టారు: సరే, విషయానికి వద్దాం. జీతం కోసం వెళుతున్నారనే మాటకు ఏమంటావు? ఇన్నేళ్ళ చదువు వృథా కాదా?

నేను: జీతం కోసం వెళ్ళడం నేరం కాదు. పరిశోధక విద్యార్థికిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023లో నెలకు 31 వేల నుంచి 37 వేలకు పెరిగింది, ఫెలోషిప్ మొత్తం కలిపినా ఐదేళ్ళకు మించి ఉండదు. ఇంటి బాధ్యత మోసేవాడిని త్యాగం చేయమని అడిగే హక్కు మనకు లేదు. వృథా సంగతి ఇప్పటిదాకా చెప్పినదానిలోనే తేలిపోయింది.

మాస్టారు: అయితే నా అసలు అభ్యంతరం విను. ప్రశ్న ఎవరిది? పరిశోధనశాలలో ఎంత ఇరుకైనా ప్రశ్న అడిగేవాడిదే. కంపెనీలో ప్రశ్న యజమానిది. ఏ సబ్బు ఎవరు కొంటారు, ఏ ప్రకటన ఎవరు నొక్కుతారు. నువ్వు చెప్పిన ఆ జాగ్రత్తలన్నీ, ముడి డేటా, ఫ్లాగులు, ఖాళీకీ సున్నాకూ తేడా, అన్నీ ఉండవచ్చు. చిన్న ప్రశ్నకు ఎంత శుద్ధమైన డేటా తెచ్చినా వచ్చేది చిన్న జవాబే. తెలుసుకోవడానికి పద్ధతి ఒక్కటే చాలదు, తెలుసుకోదగ్గది కూడా ఉండాలి.

నేను: ఇది బలమైన మాట, దీన్ని దాటవేయను. ల్యాబులో కూడా ప్రశ్నను గ్రాంటు నిర్ణయిస్తుందని ఎదురు చెప్పవచ్చు, కాని ఒకచోట లోపం చూపితే ఇంకోచోటి లోపం మాసిపోదు. మీరు రెండు సంగతులను కలిపేశారు. ప్రశ్న విలువ ఒకటి, నమోదు సత్యం మరొకటి. 2020 అక్టోబరులో ఇంగ్లండులో జరిగింది చూడండి. కోవిడ్ పరీక్షల ఫలితాలను ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్ ఫైళ్ళలోకి ఎక్కించేది. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. అంతకు మించినవి చేరకుండా పోయాయి. 15,841 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్ళతో కలిసి తిరిగినవాళ్ళను వెతకడం ఆలస్యమైంది. అక్కడ ఎవరూ గొప్ప ప్రశ్న అడగడం లేదు. ఎంతమందికి వచ్చింది అన్నదే ప్రశ్న. చిన్న ప్రశ్నే, దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. రోజూ వేసే చిన్న ప్రశ్నలకు సరైన జవాబు రావడం మీదే ఆసుపత్రీ, కరెంటూ, బ్యాంకూ, తుపాను హెచ్చరికా నడుస్తున్నాయి. పెద్ద ప్రశ్నలు మాత్రమే తెలుసుకోదగ్గవి అనేవాడు సమాజం తన గురించి తాను తెలుసుకునే తీరును చూడటం లేదు. ప్రకటనల కంపెనీలో చేరాలా, ఆరోగ్య సంస్థలో చేరాలా అన్నది వేరే నిర్ణయం. అది నైతికమైన నిర్ణయం, ప్రతి ఒక్కరూ తీసుకోవలసిందే. ఏ కంపెనీకి ఏ డేటా ఇవ్వకూడదో, ఎవరి అనుమతి లేకుండా ఏది కలపకూడదో చెప్పగల మనిషి లోపల ఉండటం మాత్రం అవసరం. పరిశోధనలో అనుమతి పత్రాలూ నీతి సంఘాలూ చూసి వచ్చినవాడికి ఆ మాట చెప్పడం అలవాటై ఉంటుంది.

మాస్టారు: యజమాని వినకపోతే?

నేను: వినకపోవచ్చు. ఇక్కడ మీకు కొంత ఒప్పుకుంటాను. కంపెనీలో తెలిసింది చాలావరకు కంపెనీ గోడల్లోనే ఉండిపోతుంది. పదిమంది ముందు పెట్టి తప్పు చూపమని అడిగే ఆచారం అక్కడ తక్కువ. అది నిజమైన నష్టం, జీతంతో పూడేది కాదు. కాని గోడ అన్నిచోట్లా ఒకే ఎత్తున లేదు. డేటాను పట్టికల సంబంధాలుగా చూడమని చెప్పిన కాడ్ 1970లో ఆ పత్రాన్ని ఐబీఎంలో ఉంటూనే రాశారు, బయటి ప్రపంచమంతా చదివింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన పోస్ట్‌గ్రెస్, అక్కడే 2009లో మొదలైన స్పార్క్ ఈ రోజు ఎవరైనా ఉచితంగా వాడుకోగల పనిముట్లు. జిమ్ గ్రే మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూ ఖగోళ శాస్త్రజ్ఞులతో కూర్చుని స్లోన్ స్కై సర్వే డేటాను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. గడప ఇటూ అటూ దాటినవాళ్ళే ఈ రంగాన్ని కట్టారు. విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ మధ్య ఒకసారి దాటితే తిరిగి రాలేని నది ఉందని మనమే పిల్లలకు చెప్పి, వాళ్ళు తిరిగి రాలేదని బాధపడుతున్నాం.

మాస్టారు: తిరిగి వచ్చే దారి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. పోగొట్టుకున్నాం అనే మాట వెనక్కి తీసుకుంటాను.

మాస్టారు ఇంత త్వరగా ఒప్పుకోవడానికి కారణం నా వాదన బలం ఒక్కటే కాదు. చాలామంది గైడ్లకు ఈ సంగతి లోలోపల తెలుసు. తమ విద్యార్థి వెళ్ళిపోయాక అతని ఫోల్డర్ తెరిచి, ఫైనల్, ఫైనల్ రెండు, ఫైనల్ కొత్తది అని పేర్లున్న ఫైళ్ళలో ఏది థీసిస్‌లోకి వెళ్ళిందో తేల్చుకోలేని విభాగాలు ఎన్నో ఉన్నాయి. కనుక ఇద్దరికీ ఒక మనవి. వెళ్ళేవాళ్ళు తమ ముడి డేటాను, దాన్ని మార్చిన కోడ్‌ను, ఏ కొలతను ఎందుకు తీసేశారో రాసిన కాగితాన్ని విభాగానికి అప్పగించి వెళ్ళండి. కొత్త ఉద్యోగంలో మీరు రోజూ చేయబోయే పని అదే. గైడ్లు సినాప్సిస్ మీద సంతకం పెట్టేముందు ఆ మూడింటినీ అడిగి తీసుకోండి, వైవాలో వాటి మీద ప్రశ్నలు వేయించండి, వాటికి మార్కులు ఇవ్వండి.