పట్టు సడలిన వేళ

శరణాగతి అంటే ఏమిటో చెప్పడానికి శ్రీవైష్ణవ ఆచార్యులు రెండు పసికూనలను చూపించారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లికూన దేన్నీ పట్టుకోదు. ఉన్నచోటే ఉండి అరుస్తుంది, తల్లే వచ్చి మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. వేదాంత దేశికులను అనుసరించే వడగలై వారు మర్కట కిశోర న్యాయాన్ని, పిళ్లై లోకాచార్యుల బాటలోని తెంగలై వారు మార్జాల కిశోర న్యాయాన్ని ఆదరించారు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం మనమంతా కోతిపిల్లలమే. జపం, వ్రతం, తీర్థయాత్ర అన్నీ మన పట్టే. ఎనభై దాటి, వేళ్ల మధ్య జపమాల నిలవక, కంఠతా వచ్చిన సహస్రనామం సగంలో తెగిపోతున్నప్పుడు మనకు మిగిలేది పిల్లికూన దారే.

అలా పట్టు సడలినవారి చెంతకు ఒక పిల్లే వచ్చిన సంగతి ఇది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో స్టీర్ హౌస్ అనే నర్సింగ్ హోమ్ ఉంది. డిమెన్షియా ముదిరిన వృద్ధులుండే మూడో అంతస్తుకు 2005లో ఆస్కార్ అనే పిల్లికూన వచ్చింది. అంత తేలిగ్గా ఎవరి ఒళ్లోకీ వచ్చే రకం కాదు. గదిగదికీ తిరిగేది, మంచం ఎక్కి వాసన చూసేది, ఎవరికి ఘడియలు దగ్గరపడ్డాయో వారి పక్కన ముడుచుకుని పడుకునేది. అది పడుకుందంటే నర్సులు బంధువులకు ఫోన్ చేసేవారు. డాక్టర్ డేవిడ్ డోసా 2007 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ సంగతి రాసేనాటికే పాతికమందికి పైగా దాని తోడుతో కన్నుమూశారు. వారిలో నా అన్నవాళ్లు దగ్గర లేనివారూ ఉన్నారు. శరీరకణాలు నశిస్తున్నప్పుడు వెలువడే వాసనను అది పసిగట్టి ఉంటుందని ఒక ఊహ. కావచ్చు. పసిగట్టాక కూడా దూరం జరగలేదు, అదే నన్ను కదిలిస్తుంది. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని బయల్దేరే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం!

అలాంటి తోడు మన దగ్గరా కావాలి. ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడాలో పిల్లల ఉద్యోగాల వెంట వచ్చి, ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లలో కాలం గడుపుతున్న తెలుగు పెద్దలున్నారు. మంచాన పడ్డాక సంరక్షణ కేంద్రంలో చేరితే అక్కడి ఆయాల మాట హిందీ, వీరి మాట తెలుగు. దాహమైనా సైగలతోనే చెప్పుకోవాలి. ఒళ్లోకి వచ్చి చేరే పిల్లికి ఏ భాషా అక్కర్లేదు. వణికే చేతికి నిమరడం ఒక్కటే పని, దానికి జ్ఞాపకశక్తితో అవసరం లేదు.

అరుణాచలంలో 1948 జూన్ 18న ఆశ్రమ గోవు లక్ష్మి అవసాన దశలో ఉన్నప్పుడు రమణ మహర్షి దాని పక్కన కూర్చుని తల మీద ఒక చేయి, గుండె మీద ఒక చేయి ఉంచారు. 1922లో తల్లి అళగమ్మ తుదిఘడియల్లోనూ ఆయన చేసింది అదే. ఆ లక్ష్మికి ఆశ్రమంలోనే సమాధి కట్టించారు. ప్రావిడెన్స్‌లో పశువు మనిషికి చేసిన సేవనే అక్కడ మహర్షి పశువుకు చేశారు.

అందుకే వృద్ధాశ్రమాలు నడిపేవారికి ఒక విన్నపం. ఒకటి రెండు సాధువైన పిల్లులకు చోటివ్వండి. రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి, గోళ్లు కత్తిరించండి, వంటగదిలోకి రానివ్వకండి. పెంట శుభ్రం చేసే పని వృద్ధులకు అప్పగించకండి. ఆయాసం ఉన్నవారి గదుల్లోకి, పిల్లి అంటే భయపడేవారి దగ్గరికి పంపకండి. మిగతావారి గది తలుపు ఓరగా తెరిచి ఉంచండి. ఎవరి మంచం ఎక్కాలో దాన్నే ఎంచుకోనివ్వండి.