వార్ధక్యంలో కాయకం

తండ్రికి డెబ్బది ఏండ్లు నిండగానే దుకాణపు తాళపుచెవులు, చిట్టా పుస్తకం కుమారుడు చేతికి తీసుకొని, "నాన్నగారూ, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అనడం లింగాయత కుటుంబాలలో గౌరవంగానే ఎంచబడుతున్నది. కోడలు అత్తగారిని వంటయింటి ఛాయలకు రానీయదు. ఇందులో ప్రేమ లేదని ఎవరనగలరు? కాని పిదప ఆ వృద్ధునికి మిగిలేది ఒక మంచం, ఎదుట ఒక గోడ. నడక తగ్గుతుంది, మాట తగ్గుతుంది. కొన్నాళ్లకు ఆయన మనుమల పేర్లు మరచిపోతున్నాడని ఇంటివారే విచారిస్తారు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దంలో కల్యాణంలో బోధించిన కాయకం జీతానికి చేసే కొలువు కాదు. కొలువుకు విరమణ ఉంటుంది. పూజతో సమానమైన పనికి విరమణ ఎక్కడిది? అనుభవ మంటపంలో శరణులు, శరణియలు కూర్చుండి ప్రశ్నించుకొన్నారు, విన్నారు, బదులు చెప్పుకొన్నారు. బుద్ధికి పని, తోటివారి సాంగత్యం ఒక్కచోటనే లభించినవి. వారు దానిని వ్యాధి నివారణకై ఏర్పరచుకొనలేదు; వచనాలకు వైద్యశాస్త్రం అంటగట్టడం భక్తి అనిపించుకొనదు.

వైద్యులు చెప్పేది వేరుగానే వినవలెను. 2024లో లాన్సెట్ పత్రిక వైద్యసంఘం డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధికి దోహదం చేసే 14 అంశాలను పేర్కొన్నది. వీటన్నిటినీ తొలగించగలిగితే లోకంలో సుమారు 45 శాతం వ్యాధిని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా. రక్తపోటు, మధుమేహం, పొగత్రాగుడు, మితిమీరిన మద్యం, శరీరశ్రమ లేకపోవడం అందరూ ఊహించగలవే. వినికిడి లోపం, ఒంటరితనం, బాల్యంలో చదువు లేకపోవడం కూడా ఆ పట్టికలో ఉన్నవి. ఆడపిల్లను బడి మాన్పించిన తప్పు అరువది ఏండ్ల తరువాత ఈ రూపంలో ఎదురు కావచ్చునన్నమాట. ఇక చెవి వినపడని తాత నవ్వులపాలవుతానని నలుగురిలో మౌనం వహిస్తాడు. మౌనిని పలకరించేవారు తగ్గుతారు. వినికిడి యంత్రానికి వెనుకాడే ఇల్లు పెండ్లి పందిరి దీపాలకు వెనుకాడదు!

ఫిన్లాండులో 60 నుండి 77 ఏండ్ల వయస్సు గల 1260 మందిపై రెండేండ్లు సాగిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడినవి. మితాహారం, వ్యాయామం, బుద్ధికి అభ్యాసం, రక్తపోటు పరీక్షలు కలిపి అందుకొన్నవారి బుద్ధిశక్తి, సాధారణ సలహాలు మాత్రమే పొందినవారి కంటె మెరుగుగా నిలిచినది. వ్యాధి రానే రాదని అది రుజువు చేయలేదు.

అందువలన మరొక ప్రశ్న తప్పదు. జీవితమంతా శ్రమించి, మితంగా భుజించి, నిత్యం లింగపూజ చేసినవారికి కూడా ఈ వ్యాధి వస్తుంది. దానిని కర్మఫలమనడం క్రూరత్వం. విభూతి ధరించడం మరచిన అవ్వ, మెడలోని ఇష్టలింగం ఏమిటో గుర్తించలేని అవ్వ భక్తురాలు కాకుండా పోయినదా? నులియ చందయ్య గడ్డి కోస్తుండగా లింగం జారి నీట పడినదని, ఆయన పని విడువకపోగా లింగమే ఆయన వెంట వచ్చినదని శరణ కథ. చందయ్య తెలిసి విడిచాడు. అవ్వ తెలియక విడిచినది. తెలిసి విడిచినవాని వెంట నడచిన లింగం తెలియని అవ్వను విడుస్తుందా?

మఠాలలో దాసోహమప్పుడు వృద్ధులను ముందు వరుసలో కూర్చుండబెట్టి వడ్డిస్తున్నారు. చేయి ఆడేవారికి బియ్యంలో రాళ్లు ఏరడం, పూలు కట్టడం, విస్తళ్లు సర్దడం అప్పగించవచ్చును. బలవంతం తగదు, తొందర అసలే తగదు; ఒక గంట పని రెండు గంటలు పట్టవచ్చు. అదీ చేతకాని అవ్వకు పూజావేళ అరచేతిలో లింగాన్ని ఉంచి, ప్రక్కన కూర్చుండవలసినవాడు ఆనాడు తాళపుచెవులు తీసుకొన్న కుమారుడే.