పిలిచింది నేనే

ఇన్‌బాక్స్‌లో పడే చెత్తను నలుగురిలో తిట్టడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. మన అడ్రసు ఎవరో అమ్ముకుంటున్నారనీ, ఈ కంపెనీలకు సిగ్గు లేదనీ అంటే కాదనేవాళ్లు ఉండరు. అయితే మెయిళ్లను పంపినవాళ్ల పేర్ల వారీగా పెట్టి చూసుకున్నాక నా తిట్లలో పస తగ్గింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు అందులో కొద్దిమందే. మిగతావాళ్లను ఎప్పుడో ఒకప్పుడు నేనే పిలిచి పీట వేశాను.

అడగకుండా వచ్చే వ్యాపార మెయిళ్లలో మొదటిదని చెప్పేది 1978 మే నెల నాటిది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థుర్క్ తమ కొత్త కంప్యూటర్లను చూడటానికి రమ్మంటూ ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే మెయిల్ పంపాడు. వాళ్లెవరూ దాన్ని అడగలేదు. కోప్పడే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. నాకు ఎంత ఉందన్నదే ప్రశ్న.

బట్టల కొట్టులో బిల్లు వేసే అమ్మాయి "మెయిల్ ఐడీ చెప్పండి సార్, ఈసారి కొన్నప్పుడు వాడుకోవడానికి కూపన్ వస్తుంది" అనగానే చెప్పేశాను. ఫోన్ నంబరు లాంటి వివరాలు ఇచ్చి తీరాలని కస్టమర్ల దగ్గర పట్టుబట్టవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పిన సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కుంటారన్న మొహమాటం ఒక పాలు, కూపన్ మీద ఆశ మూడు పాళ్లు.

సరే, ఇచ్చాను. మరి ఇన్నేళ్లూ ఆపలేదేం? బద్ధకం అని చెప్పుకునేవాణ్ణి. అది గౌరవంగా వినిపించే జవాబు. అసలు సంగతి వేరు. షాద్‌నగర్ దగ్గర ప్లాట్లున్నాయని వచ్చే మెయిల్‌ను నేను తెరవను, చెరపను. అక్కడ గజం కొనే స్తోమతు నాకు లేదు. కానీ ఆ మెయిల్ వస్తున్నంతకాలం నేను కొనబోయేవాళ్ల లెక్కలో ఉన్నట్టే. ఉద్యోగాల సైటు ఇప్పటికీ నాకు "తగిన" అవకాశాలు పంపుతోంది. ఉద్యోగం మారే వయసు దాటిపోయినా, ఎవరికో నేను పనికొస్తానన్న మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. మధ్యలో వదిలేసిన ఫ్రెంచి కోర్సు వాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. పుట్టినరోజున తెల్లవారేసరికి మొదటి శుభాకాంక్షలు బ్యాంకు నుంచి వస్తాయి. అది మనిషి రాసింది కాదని తెలిసి కూడా ఒక క్షణం సంతోషిస్తాను. ఇవన్నీ తీరని కోరికల చిట్టా. ఆపేయమంటే ఆ కోరిక ఇక తీరదని ఒప్పుకున్నట్టే. అందుకే చేయి ఆడలేదు.

నిజానికి ఆపడం ఇప్పుడు కష్టమేమీ కాదు. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు కల్పించాలని, ఆ కోరికను రెండు రోజుల్లో మన్నించాలని 2024లో గూగుల్ నిబంధన పెట్టింది. సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. నొక్కడం సులువైంది. వదులుకోవడం మాత్రం నా వంతుకే మిగిలింది.

ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను. కొన్నిచోట్ల "ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని కారణాల జాబితా ఇస్తారు. అందులో "నేనెప్పుడూ చేరలేదు" అన్నదాని పక్కన టిక్కు పెట్టాను. ఒకసారి కాదు, చాలాచోట్ల. ఎవరూ చూడని ఒక ఫారంలో, నన్నెరగని ఒక యంత్రం ముందు కూడా నాకు అమాయకుడిగా కనబడాలనిపించింది! నలుగురిలో తిట్టిన తిట్లూ ఆ టిక్కు లాంటివేనని అప్పుడు తెలిసింది.

అసలైన దొంగ మెయిళ్ల సంగతి వేరు. లాటరీ తగిలిందనీ, కేవైసీ ఆగిపోయిందనీ వచ్చేవాటిలో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా నొక్కకూడదు. నొక్కితే ఈ అడ్రసు వెనక మనిషి ఉన్నాడని వాళ్లకు తెలుస్తుంది. వాటిని స్పామ్‌గా రిపోర్టు చేసి వదిలేయడమే మేలు. మెయిల్ తెరిచామని పంపినవాడికి చేరవేసే కంటికి కనబడని బొమ్మలు కొన్నింటిలో ఉంటాయి. అందుకే అడగకుండా బొమ్మలు చూపవద్దని సెట్టింగ్స్‌లో మార్చుకున్నాను. జీమెయిల్ అడ్రసులో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు, కొట్టు పేరు చేర్చి ఇచ్చినా ఉత్తరం మనకే చేరుతుంది. ఆ అడ్రసుకు ఇంకెవరైనా రాస్తే, అది ఎక్కడి నుంచి బయటికి పొక్కిందో తెలిసిపోతుంది.

ప్లాట్ల మెయిల్ ఒక్కటి ఇంకా ఆపలేదు. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి దాన్ని చెత్త అని తిట్టడం మానేశాను.

మీరూ ఒక సాయంత్రం మీ ఇన్‌బాక్స్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ అన్న మాట వెతికి చూడండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇది ఇప్పటికీ నాకు కావాలా అని అడగండి. అక్కర్లేకపోతే ఆపేయండి. కారణం అడిగితే నిజమే చెప్పండి.