మహాలయ పక్షం: పెద్దలు ఇంటికొచ్చే రోజులు

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మహాలయ పక్షం. ఈ పదిహేను రోజులూ పితృదేవతలు తమ లోకం విడిచి సంతానం ఇళ్ళకు వస్తారని నమ్మకం. పోయిన తిథినాడు పెద్దలకు పెట్టుకోవడం ఆనవాయితీ. ముత్తైదువుగా పోయిన ఇల్లాలికి నవమి, ఆయుధాల వల్లో ప్రమాదంలోనో పోయినవారికి చతుర్దశి కేటాయించారు. తిథి తెలియనివారందరికీ అమావాస్య. తెలంగాణలో దాన్నే పెత్రమాస అంటారు, ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ.

చెన్నైలో అమావాస్య తెల్లవారుజామునే మైలాపూరు కపాలీశ్వరస్వామి కోనేటి గట్టు, మెరీనా తీరం జనంతో నిండిపోతాయి. పురోహితుడు గోత్రం, మూడు తరాల పేర్లు చెప్పిస్తాడు. దర్భలు పట్టిన చేతిలోంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా నువ్వులూ నీళ్ళూ వదలాలి. గట్టు పక్కనే ఆవుకు పెట్టడానికి అవిసె ఆకు కట్టలు అమ్ముతారు. ఇంటికెళ్ళి గోడ మీద కాకికి ముద్ద పెడతారు. కాకి ముట్టాకే ఇంట్లో విస్తళ్ళు వేస్తారు.

ఇక్కడ పెట్టింది అక్కడికి చేరుతుందా? ఈ సందేహం నేటిది కాదు. రామాయణం అయోధ్యకాండలో జాబాలి అనే బ్రాహ్మణుడు రాముణ్ణి అడిగింది ఇదే: ఒకరు తింటే మరొకరి కడుపు నిండేటట్లయితే, పొరుగూరు వెళ్ళేవాడికి ఇంట్లోనే శ్రాద్ధం పెట్టొచ్చుగా, దారిబత్తెం మూట ఎందుకని. వేమన కూడా కాకులకు పిండాలు పెట్టడాన్ని ఎద్దేవా చేశాడు. తండ్రి, తాత, ముత్తాతలకు వరసగా వసువులు, రుద్రులు, ఆదిత్యులు ప్రతినిధులనీ, వారు తృప్తి చెంది పితరులను తృప్తిపరుస్తారనీ ధర్మశాస్త్రాల సమాధానం. దీంతో జాబాలి నోరు మూతపడదు. అయితే తీర్చుకోవలసిన రుణాల్లో పితృరుణం ఒకటన్నది వేదకాలం నుంచీ ఉన్న భావన. అప్పు తీర్చేవాడు రసీదు కోసం ఆగడు.

పోయినవారు తిరిగొచ్చే కాలం పడమటి దేశాల్లోనూ ఉంది. అక్టోబరు 31 నాటి హాలోవీన్‌కు మూలంగా చెప్పే సావిన్, ఐర్లండ్ ప్రాంతపు కెల్టుల పంటల ముగింపు పండుగ. తొమ్మిదో శతాబ్దానికి చర్చి నవంబరు 1ని సకల పునీతులకు కేటాయించింది. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో అనే ఆయన పుణ్యమా అని నవంబరు 2 మృతుల స్మరణ దినమైంది. ఆనాడు చెన్నై కీల్పాక్ శ్మశానవాటికలో క్రైస్తవ కుటుంబాలు సమాధులు కడిగి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి.

హాలోవీన్‌కు దయ్యం బొమ్మలు చెక్కింది మొదట టర్నిప్ దుంపల మీద. అక్కడివాళ్ళు అమెరికాకు వలస వెళ్ళాక గుమ్మడికాయ వచ్చింది. చెన్నైలోనూ గుమ్మడికాయకు భయంతో పనుంది, పెద్దలతో మాత్రం కాదు. మహాలయ అమావాస్య మర్నాడు మొదలయ్యే నవరాత్రుల చివర, ఆయుధపూజ నాడు, బూడిద గుమ్మడికాయకు కన్నం చేసి కుంకుమ, చిల్లర డబ్బులు వేసి, పైన కర్పూరం వెలిగించి దిష్టి తీస్తారు. దుకాణం ముందో లారీ ముందో నడివీధిలో పగలగొడతారు. ఆ ముక్కల మీద బళ్ళు జారిపడుతున్నాయి, రోడ్డు మీద కొట్టకండని నగర పోలీసులు కోరుతూనే ఉంటారు.