మదాలస ఏ పుస్తకాలు కొన్నది?

నరసింహ జయంతి ముందు వారం రాసే వ్యాసంలో ప్రహ్లాదుడు రాకుండా ఉండడు. అందులోనూ నూజివీడు పాఠకులకు ఆగిరిపల్లి శోభనాచలం మీద వ్యాఘ్ర నరసింహస్వామి కనిపెట్టుకుని ఉండగా నేను వేరే కథ ఎత్తుకుంటే ఊరుకోరు. అయితే ఈసారి నా మనసు స్తంభం దాకా పోలేదు. ఆ పిల్లవాడి చదువు దగ్గరే ఆగిపోయింది.

కారణం ఒక ఉత్తరం. నూజివీడు దగ్గర మామిడి తోటలో కాపురం ఉంటున్న ఒక తల్లి రాశారు. ముగ్గురు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారట. పెద్దమ్మాయికి 12, నడిమివాడికి 8, చిన్నవాడికి 5. ‘ఎవరికి ఏ పుస్తకాలు కొనాలో మీ శీర్షికలో చెప్పండి’ అని అడుగుతూ, తాను కొనదలచిన వాటి జాబితా కూడా జత చేశారు. ముగ్గురికీ మూడు సెట్లు, వర్క్‌బుక్కులు, కార్డులు. రామాయణాలు కూడా వయసును బట్టి మూడు రకాలు! ఒకే ఇంట్లో ఒకే రాముడు ముగ్గురికి మూడుచోట్ల విడివిడిగా దర్శనమిస్తాడన్నమాట.

అమ్మా, ముందు పని సంగతి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువుకు పూచీ ఇచ్చిందే గానీ, ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పలేదు. 14 నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి రాయించవచ్చు. లెక్కల్లో ఎవరి మెట్టు వారిదే, అక్కడ వాదన లేదు. దానికి సర్కారు బడి పుస్తకాలు చాలు. మన రాష్ట్రంలో ఇప్పుడు తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు ఎదుటి పేజీలో అచ్చువేస్తున్నారు. అవే మీ ఇంట్లో రెండు భాషల పనీ చేసిపెడతాయి. నా పేచీ మిగతా కట్టల మీద.

ఇక ప్రహ్లాదుడి దగ్గరికి వద్దాం. హిరణ్యకశిపుడు కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, చదివినదాంట్లో ఏది బాగుందో చెప్పమన్నాడు. మనం అడిగేదీ అదే ప్రశ్న. ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్పాడు. మొదటిది శ్రవణం. ఆ తొమ్మిదింటిలో చదవడం అనేది ఎక్కడా లేదు, గమనించారా? వినడం, పాడడం, తలచుకోవడం, సేవించడం, ఇలా సాగిపోతుంది వరస. శుక్రాచార్యుల కొడుకులు చండామార్కులు చెప్పిన శాస్త్రమంతా ఆ అయిదేళ్లవాడు అప్పజెప్పగలడు. మనసున పట్టింది మాత్రం తల్లి కడుపులో ఉండగా నారదుడి నోట విన్నదే. ఆ మాటనైనా తన దగ్గర దాచుకోలేదు. గురువులు ఇంటిపనుల మీద పోయిన వేళ తోటి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పాడు.

వీధిబడి నడిచిందీ ఇలాగే. ఒకే అరుగు, అన్ని వయసుల పిల్లలు, పెద్దవాడు చిన్నవాడి చేత ఇసుకలో దిద్దించడం. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే దొర, ఇసుకలో దిద్దే మన పిల్లల్ని చూసి ఆ పద్ధతి అందుకున్నాడు. 1797లో లండన్‌లో దానిమీద పుస్తకమే వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అది ఇంగ్లండు బళ్లకు పాకింది. వీధిబడిని నెత్తిన పెట్టుకుని ఊరేగమనడం లేదు. బెత్తమూ కోదండమూ దానివే, ఆడపిల్లల్నీ అంటరానివారన్న పిల్లల్నీ అరుగెక్కనివ్వని పాపమూ దానిదే. కానీ ముగ్గురు పిల్లలున్న ఇంట్లో మూడు గదులు, మూడు తెరలు, మూడు సెట్లు పెట్టి చదివిస్తుంటే ఆ అరుగు గుర్తుకు రాక మానదు.

ఇంటి చదువుకు ఉపనిషత్తుల్లోనూ ఒక కథ ఉంది. ఉద్దాలకుడి కొడుకు శ్వేతకేతువు పన్నెండేళ్లకు గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగేళ్లకు వేదాలన్నీ చదివానన్న గర్వంతో తిరిగొచ్చాడు. అప్పుడు తండ్రి అసలు పాఠం ఇంట్లో మొదలుపెట్టాడు. సామగ్రి ఏమిటి? ఒక మర్రిపండు, ఒక గిన్నెడు నీళ్లు, ఉప్పురాయి. మీరు మర్రి కోసం వెతుక్కోనక్కర్లేదు, మీ తోటలో మామిడి టెంకలకు కొదవ లేదు. రసం తిన్నాక టెంక కడిగి, ఎండబెట్టి, పగలగొట్టి లోపలి జీడి చూపండి. ఇందులో చెట్టు ఎక్కడుందో చిన్నవాణ్ణి అడగండి. ఏది చిన్నరసం, ఏది పెద్దరసం, బంగినపల్లి కాయకు కోత ఈడు ఎలా తెలుస్తుందో నడిమివాడు చెబుతాడు. కాటాకు వేసిన కాయకు తరుగు, కమీషన్ పోను చేతికెంత వచ్చిందో పెద్దమ్మాయి లెక్క కట్టాలి. ఆ రాత్రి ఉద్దాలకుడి కథ ముగ్గురికీ కలిపి చెప్పండి. ఎవరి పాత్రలో పట్టినంత వారు పట్టుకుపోతారు. చిన్నవాడికి అర్థం కాలేదని భయపడకండి. ఇప్పుడు అర్థం కాకపోయినా చెవిన పడి ఉంటుంది.

మరి వయసుకు, స్వభావానికి తగ్గ తేడా అక్కర్లేదా అంటారా? అందుకు మదాలస ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలోనే మారన ఆమె కథ ఉన్న మార్కండేయ పురాణాన్ని తెలుగు చేసి మనకిచ్చాడు. మదాలస జోలపాటల్లోనే ఆత్మజ్ఞానం పోసి ముగ్గురు కొడుకుల్ని విరాగుల్ని చేసింది. నాలుగోవాడు అలర్కుడి దగ్గరికొచ్చేసరికి రాజనీతి అందుకుంది. అదే తల్లి, అదే ఉయ్యాల, పాఠం మారింది. పుస్తకం మార్చాల్సిన పని లేదు, ఎదురుగా ఉన్న పిల్లవాడు ఏం కావాలో చూసుకుని నోటి మాట మార్చుకుంది. అచ్చేసిన సెట్టుకు ఆ చూపు ఉండదు. కొనడం సులువు, పక్కన కూర్చోవడం కష్టం. అందుకే కొంటున్నాం. డబ్బు ఖర్చయింది కాబట్టి చదువు చెప్పేశామని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాం కూడా. పోతన భాగవతం ఒకటి, పెద్ద బాలశిక్ష ఒకటి ఇంట్లో ఉంచుకుని, రోజూ కాసేపు ఫోను అవతల పెట్టి గొంతెత్తి చదవండి. ఇంకేదైనా కావలసివస్తే పిల్లలే అడుగుతారు.

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చిన దగ్గర్నుంచి పిల్లవాడు అక్షరం దిద్దకముందే పదో తరగతి మార్కుల బెంగ మొదలవుతోంది. ఇల్లే బడి చేసుకున్న వారినీ అది వదలడం లేదని ఆ జాబితా చూస్తేనే తెలిసింది.

మదాలస కథలో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకడున్నాడు, భర్త ఋతధ్వజుడు. ముగ్గురు కొడుకులు చేజారాక గానీ నోరు విప్పలేదు. నాలుగోవాడినైనా రాజ్యానికి మిగల్చమని అతను అడగబట్టే పాఠం మారింది. పిల్లల చదువు మీద నాకొచ్చే ఉత్తరాలన్నీ తల్లులవే. తండ్రులు ఈ రోజుల్లో తెల్లారకముందే కాయ కోతకు పోయి, లారీ కదిలాక గానీ ఇంటికి రారు, నిజమే. సీజను అయ్యాక చూద్దాం అంటారు. భోజనానికైతే ఇంటికొస్తారు కదా. కంచాల ముందు అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఆ పూట కథ ఆయన్ను చెప్పమనండి. రాదంటే, పెద్దమ్మాయి చెబుతుంటే విననివ్వండి.